విజయవాడ రేడియోలో క్యాజువల్ అనౌన్సర్లు

క్యాజువల్ అనౌన్సర్ అనగా రేడియో కేంద్రంలో శాశ్వత ఉద్యోగి కాకుండా, కేంద్రం పిలిచిన రోజులలో మాత్రమే వచ్చి కార్యక్రమాలను ప్రకటించి, పాటలు వినిపించి, ఆ డ్యూటీకి నిర్ణయించిన పారితోషికం పొందే వ్యక్తి. ఈ పనినే కొన్ని విభాగాలలో కంపేరింగ్ అని, ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలలో పార్ట్-టైమ్ రేడియో జాకీ పని అని వ్యవహరిస్తారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం, దాని ఎఫ్.ఎం. విభాగమైన రెయిన్‌బో కృష్ణవేణి, నగరంలోని ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు ఈ పనికి కృష్ణా డెల్టాలో ప్రధాన వేదికలు. ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు, గృహిణులు, సంగీత కళాకారులు, బ్యాంకు ఉద్యోగులు మొదలైన వారు తమ వృత్తితో పాటు ఈ పనిని చేస్తుంటారు. శ్రోత చెవికి శాశ్వత అనౌన్సరుకూ క్యాజువల్ అనౌన్సరుకూ తేడా తెలియదు. ఉద్యోగ భద్రత విషయంలో మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

నేపథ్యం

తెలుగు వారికి తొలుత రేడియో ప్రసారాలు 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం నుండి అందేవి. హైదరాబాదు సంస్థానంలో దక్కన్ రేడియో ఉండేది. దానిని 1950లో ఆలిండియా రేడియో స్వీకరించింది. ఆంధ్ర ప్రాంతానికి ప్రత్యేకంగా 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైనది. నగరంలో బందరు రోడ్డు మీద, పున్నమ్మతోట వద్ద ఈ కేంద్రం ఉన్నది. ఇది మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద, అనగా సుమారు 358 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద ప్రసారం చేస్తుంది. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకొని చాలా దూరం ప్రయాణిస్తాయి. అందుచేత దివిసీమలోని మత్స్యకారుల నుండి నందిగామ, జగ్గయ్యపేటల మెట్ట రైతుల వరకు ఒకే కంఠాన్ని వినగలిగారు.

ఈ కేంద్రానికి పేరు తెచ్చినవారిలో సంగీత, సాహిత్య రంగాలకు చెందినవారు అనేకులు. బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) ఈ కేంద్రానికి డైరెక్టరుగా పనిచేసి 1978లో పదవీ విరమణ చేశారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, అన్నవరపు రామస్వామి వంటి సంగీత విద్వాంసులు, ఇంద్రగంటి శ్రీకాంతశర్మ వంటి కవులు ఇక్కడ పనిచేశారు. ఉదయపు భక్తిరంజని ఈ కేంద్రం ద్వారానే ఇంటింటా వినిపించే కార్యక్రమమైనది. ఉషశ్రీ (పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928–1990) రామాయణ, భారత ప్రవచనాలు ప్రసారమయ్యే వేళకు వీధి అరుగుల మీద రేడియో చుట్టూ జనం చేరేవారు. ఇంతటి ప్రమాణం ఏర్పడిన స్టూడియోలో మైకు ముందు కూర్చోవటం కొత్త అనౌన్సరుకు గౌరవమూ, పరీక్షా రెండూ అయినవి.

సినిమా పాట, రేడియో

1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ కాలంలో ఆకాశవాణిలో సినిమా పాటల ప్రసారం బాగా తగ్గిపోయినది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళారు. అమీన్ సయానీ నిర్వహించిన బినాకా గీత్‌మాలా ఆ కాలంలోనే దేశమంతటా ప్రసిద్ధి పొందినది. తెలుగు శ్రోతలు సిలోన్‌లో వచ్చే తెలుగు పాటల కోసం వేచి ఉండేవారు. దీనికి జవాబుగా 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైనది. 1967 నవంబరు 1న బొంబాయి, పూణే, నాగపూర్ కేంద్రాల నుండి వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు ఆరంభమయ్యాయి. తరువాత విజయవాడకు కూడా ఆ సేవ విస్తరించినది. గాంధీనగర్‌లోని సినిమా పంపిణీ సంస్థల వలన విజయవాడ తెలుగు సినిమా వ్యాపారానికి ఒక కేంద్రం. కొత్త పాటల పట్ల ఇక్కడి శ్రోతల ఆసక్తికి అదీ ఒక కారణం.

కోరిన పాటల కార్యక్రమాలతో అనౌన్సరు పని స్వరూపం మారినది. గుడివాడ, తెనాలి, రేపల్లె, కైకలూరు, అవనిగడ్డ, ఉయ్యూరు వంటి ఊళ్ళ నుండి పోస్టుకార్డులు కట్టలుగా వచ్చేవి. పాట మూడున్నర నిమిషాలైతే, దానిని కోరినవారి పేర్లు చదవటానికి మరొక నిమిషం పట్టేది. పాట కన్నా తన పేరు వినటానికే కార్డు వ్రాసే శ్రోతలు ఉండేవారు. జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే చిన్న పట్టణం కేవలం ఇట్టి కార్డుల వలననే దేశమంతటికీ తెలిసినది. ఒక ఇంటిపేరును తప్పు చదివితే, ఆ ఇంటివారు మరునాడు మరొక కార్డు వ్రాసేవారు. ఊరి పేరును స్థానికులు పలికినట్లు పలకటం అనౌన్సరు నేర్చుకొనే మొదటి పాఠాలలో ఒకటి.

1969 జూలై 21న ఢిల్లీలో యువవాణి ప్రారంభమైనది. క్రమంగా ఇతర కేంద్రాలకు కూడా ఈ కార్యక్రమం వచ్చినది. యువకులే యువకుల కోసం నిర్వహించటం దీని ఉద్దేశం. కాలేజీ చదువుతూ సాయంత్రం వేళ మైకు ముందు కూర్చొనే అలవాటు చాలామందికి యువవాణితోనే మొదలైనది. అనంతర కాలంలో పత్రికలకు, టెలివిజన్‌కు, డబ్బింగ్‌కు వెళ్ళినవారిలో పలువురికి ఇది తొలి మెట్టు.

ఎంపిక

ఆకాశవాణి కేంద్రం అవసరాన్ని బట్టి దరఖాస్తులను ఆహ్వానిస్తుంది. ఎంపికలో సాధారణంగా వ్రాత పరీక్ష, స్వర పరీక్ష, ముఖాముఖి ఉంటాయి. వ్రాత పరీక్షలో సాహిత్యం, సంగీతం, వర్తమాన విషయాలు, స్థానిక చరిత్ర, సంస్కృతి మీద ప్రశ్నలు వస్తాయి. స్వర పరీక్షలో అభ్యర్థి మైకు ముందు వార్తాశైలి వచనం, ఒక సంభాషణ, కొన్ని సంగీత ప్రకటనలు చదవవలసి ఉంటుంది. పరీక్షకులు గాజు తెరకు అవతల గదిలో స్పీకరు ద్వారా వింటారు. వారికి ముఖంతో పని లేదు, కంఠంతోనే పని.

పరీక్షలో ఎక్కువమంది తప్పేది ఉచ్చారణ వద్ద. శ, ష, స మధ్య తేడా, ణ–న, ళ–ల మధ్య తేడా, ఒత్తు అక్షరాలు స్పష్టంగా వినిపించాలి. "శంకరాభరణం" అన్న మాట "సంకరాబరనం" అయితే ఆ అభ్యర్థికి శాస్త్రీయ సంగీత కార్యక్రమం అప్పగించటం కష్టం. అలాగని ప్రతి అక్షరాన్నీ నొక్కి పలికితే అది పాఠం అప్పజెప్పినట్లుంటుంది. డెల్టా వాడుకలోని సహజమైన లయ పోకుండా అక్షరశుద్ధి నిలుపుకోవటమే కోరదగిన గుణం. కర్ణాటక రాగాల పేర్లు, వాగ్గేయకారుల పేర్లు, హిందీ గాయకుల పేర్లు, ఆంగ్ల పదాలు తడబడకుండా చదవగలగాలి.

ఎంపికైనవారికి ఆకాశవాణి శిక్షణ విభాగం వాణి సర్టిఫికెట్ కోర్సు పేరుతో కొద్ది రోజుల శిక్షణ ఇస్తుంది. దానిని పూర్తి చేసినవారి పేర్లు కేంద్రం ప్యానెల్‌లో చేరతాయి. ప్యానెల్‌లో చేరటం ఉద్యోగం కాదు. పిలిచినప్పుడు రావటానికి అర్హత మాత్రమే.

పని విధానం

ఆకాశవాణి ప్రధాన కేంద్రం ప్రసారాలు సంప్రదాయంగా ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు భాగాలుగా నడిచేవి. అనౌన్సరు తన ప్రసారానికి ముందుగానే వచ్చి డ్యూటీ గదిలో ఆనాటి క్యూ షీట్ తీసుకుంటాడు. ఏ నిమిషానికి ఏ కార్యక్రమం, ఎంత నిడివి, మొదటి మాటలు ఏవి, చివరి మాటలు ఏవి అన్న వివరాలు అందులో ఉంటాయి. రికార్డులను, టేపులను సరిచూసుకొని, ప్రకటనలను వ్రాసుకొని స్టూడియోలోకి వెళ్ళాలి. వాల్టర్ కాఫ్‌మన్ కూర్చినదిగా ప్రసిద్ధమైన సంకేత సంగీతంతో ఉదయ ప్రసారం మొదలవుతుంది. ఆపై అనౌన్సరు కేంద్రం పేరు, తరంగదైర్ఘ్యం, సమయం చెప్పి రోజును ఆరంభిస్తాడు.

ఈ పనిలో కాలమే ప్రధానం. ఢిల్లీ వార్తలు నిర్ణీత క్షణానికి మొదలవుతాయి. అంతకు ముందు వచ్చే పాట ఆ క్షణానికి ముగియాలి. 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే వచ్చేది. లాంగ్ ప్లే రికార్డులో సరియైన గాడి మీద ముల్లును పెట్టటానికి చేయి స్థిరంగా ఉండాలి. స్పూల్ టేపు తెగితే అతికించేలోగా వాద్య సంగీతంతో ఖాళీని పూరించాలి. 2000ల తరువాత పాటలన్నీ కంప్యూటరులోకి చేరినందున రికార్డు, టేపు బాధలు తగ్గినవి. వరుస తప్పుగా పెడితే తప్పు పాట అంతే వేగంగా ప్రసారమవుతుంది కాబట్టి జాగ్రత్త మాత్రం తగ్గలేదు. కొన్ని క్షణాల నిశ్శబ్దం కూడా లాగ్ పుస్తకంలో నమోదవుతుంది.

అనౌన్సరు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. మతాలను, కులాలను కించపరచరాదు. రాజకీయ పక్షాలను పేరు పెట్టి విమర్శించరాదు. ప్రకటనల వేళలో తప్ప వ్యాపార సంస్థల పేర్లు పలకరాదు. జాతీయ సంతాప దినాలు ప్రకటిస్తే ఉల్లాసభరితమైన సినిమా పాటలు ఆపి భక్తి, వాద్య సంగీతం వేయాలి. ఈ నిర్ణయం ఒక్కొక్కసారి నిమిషాల వ్యవధిలో వస్తుంది. అప్పుడు ముందే సిద్ధం చేసుకున్న క్యూ షీట్ అంతా పనికిరాకుండా పోతుంది. అట్టి వేళలో రికార్డు లైబ్రరీ తెలిసిన అనౌన్సరు విలువ తెలుస్తుంది.

తుఫాను వేళ

కృష్ణా డెల్టాలో రేడియో వినోద సాధనం మాత్రమే కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా మరణించారు. ఆ తరువాత తీర ప్రాంతంలో తుఫాను హెచ్చరికను ఎవరు, ఎంత తొందరగా, ఎంత స్పష్టంగా చెబుతారన్నది ప్రాణాలతో ముడిపడిన విషయంగా గుర్తించబడినది. వాతావరణ కేంద్రం నుండి వచ్చిన హెచ్చరికను అనౌన్సరు మార్పు లేకుండా, తొందర లేకుండా, పునరుక్తితో చదవాలి. కంఠంలో భయం వినిపించరాదు, ఉదాసీనతా వినిపించరాదు. తీరం పేరు, గాలి వేగం, ప్రమాద సూచిక సంఖ్య తప్పుగా పలకటానికి ఇక్కడ తావు లేదు. తుఫాను రాత్రి మైకు ముందున్నది శాశ్వత ఉద్యోగా, క్యాజువలా అన్న భేదం హెచ్చరికకు లేదు. విద్యుత్తు, సెల్‌ఫోన్ సేవలు నిలిచిపోయినప్పుడు కూడా బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ పనిచేస్తుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు వరదతో విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు ఇటువంటి సాధనాల అవసరం నగరవాసులకు కూడా తెలిసివచ్చినది.

ఎఫ్.ఎం. రాక

భారతదేశంలో తొలి ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మద్రాసులో జరిగినది. 1993లో ఢిల్లీ, బొంబాయి ఎఫ్.ఎం.లలో కొంత సమయాన్ని ప్రైవేటు నిర్మాతలకు ఇచ్చారు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినది. 2001 జూలైలో బెంగళూరులో రేడియో సిటీ మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రంగా ప్రారంభమైనది. రెండవ దశ లైసెన్సులతో విజయవాడకు ప్రైవేటు ఎఫ్.ఎం. వచ్చినది. రేడియో మిర్చి 98.3 మెగాహెర్ట్జ్ మీద, రెడ్ ఎఫ్.ఎం. 93.5 మెగాహెర్ట్జ్ మీద శ్రోతలకు పరిచయమయ్యాయి. ఆకాశవాణి వైపు నుండి రెయిన్‌బో కృష్ణవేణి 102.2 మెగాహెర్ట్జ్ మీద వచ్చినది.

రేడియో జాకీ అన్న మాట 1930లలో అమెరికాలో పుట్టిన డిస్క్ జాకీ అన్న పేరు నుండి వచ్చినది. అనౌన్సరు వ్రాసుకున్నది చదువుతాడు. జాకీ ఎదుట కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్లు మాట్లాడతాడు. రెండు పాటల మధ్య వచ్చే ఆ మాటలను లింక్ అంటారు. పాట ముందరి వాద్యం మీద మాట్లాడి, గాయకుడు అందుకొనే లోగా ముగించటం ఇందులో నేర్పు. ఏ గంటలో ఏ పాటలు రావాలన్నది చాలావరకు కార్యక్రమ విభాగం ముందే నిర్ణయిస్తుంది. పాటలను తానే ఎన్నుకోవచ్చునని ఆశించి వచ్చే కొత్తవారికి ఇది మొదటి నిరాశ. ప్రైవేటు కేంద్రాలు స్వంతంగా వార్తలు తయారు చేసి ప్రసారం చేయరాదు. 2011 నాటి మూడవ దశ విధానం ఆకాశవాణి వార్తలను యథాతథంగా ప్రసారం చేయటానికి వీలు కల్పించినది. పాటల హక్కులకై కేంద్రాలు చెల్లించే రుసుము మీద చాలా కాలం వివాదం నడిచినది. 2010 ఆగస్టు 25న కాపీరైట్ బోర్డు దానిని నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతంగా నిర్ణయించినది.

ప్రైవేటు కేంద్రాలలో పార్ట్-టైమ్ జాకీలకు సాధారణంగా వారాంతపు కార్యక్రమాలు, రాత్రి వేళలు, సెలవులో ఉన్నవారి స్థానాలు దక్కుతాయి. రాత్రి కార్యక్రమాల లింకులను పగలే రికార్డు చేసి పెట్టే పద్ధతి వచ్చిన తరువాత ఆ అవకాశాలు తగ్గినవి. భాష విషయంలో కూడా చర్చ ఉన్నది. ఆంగ్లం కలిసిన వేగమైన తెలుగును యువ శ్రోతలు ఆదరించగా, ఆకాశవాణి తెలుగుకు అలవాటుపడినవారు ఆక్షేపించారు. నిలదొక్కుకున్న జాకీలలో చాలామంది ఊరి నుడికారాన్ని వదలక మాట్లాడినవారే.

సామాజిక రేడియో ఈ పనికి మరొక వేదిక. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు దీనిని అనుమతించారు. మెదక్ జిల్లాలో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియోను గ్రామీణ దళిత మహిళలు నిర్వహించారు. భీమవరంలో రేడియో విష్ణు (90.4 మెగాహెర్ట్జ్) ద్వారా ఇంజనీరింగ్ విద్యార్థినులు మైకుకు అలవాటుపడ్డారు.

ఉద్యోగ స్థితి

ఆకాశవాణి నియమం ప్రకారం ఒక క్యాజువల్ అనౌన్సరుకు నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు. అనగా సంవత్సరానికి గరిష్ఠంగా 72 డ్యూటీలు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సంవత్సరంలో 240 రోజుల పనిని నిరంతర సేవగా లెక్కించేది. క్యాజువల్ అనౌన్సర్లు ఇరవై ఏళ్ళు పనిచేసినా ఆ లెక్కకు దరిదాపులకు రారు. పింఛను, భవిష్య నిధి, వైద్య సౌకర్యం, జీతంతో కూడిన సెలవు ఉండవు. జ్వరం వచ్చి గొంతు పోతే ఆ డ్యూటీ మరొకరికి వెళ్తుంది, దానితో పాటు పారితోషికం కూడా.

ఇది కొత్త సమస్య కాదు. తొలి తరం అనౌన్సర్లు, సంగీత కళాకారులు కూడా స్టాఫ్ ఆర్టిస్టులనే పేరుతో కాంట్రాక్టు మీదనే పనిచేసేవారు. 1982లో కేంద్ర ప్రభుత్వం వారిని ప్రభుత్వోద్యోగులుగా పరిగణించటానికి నిర్ణయించినది. 1997 నవంబరు 23న ఆకాశవాణి ప్రసార భారతి క్రిందికి వచ్చినది. శాశ్వత అనౌన్సర్లు పదవీ విరమణ చేస్తుండగా ఆ ఖాళీలలో కొత్త నియామకాలు చాలా తగ్గిపోయినవి. దీనివలన రోజువారీ ప్రసార భారం క్రమంగా క్యాజువల్ అనౌన్సర్ల మీద పడినది. తమను క్రమబద్ధీకరించాలని వారు దేశవ్యాప్తంగా ఆందోళనలు చేశారు, న్యాయస్థానాలను ఆశ్రయించారు.

2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు వీరి ఆశలకు అడ్డుగోడ అయినది. క్రమమైన నియామక ప్రక్రియ ద్వారా రానివారికి, ఎంతకాలం పనిచేసినా, క్రమబద్ధీకరణ హక్కు లేదని ఆ తీర్పు చెప్పినది. మంజూరైన పోస్టులలో కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్ళు పనిచేసినవారికి ఒక్కసారికి మాత్రం మినహాయింపునిచ్చినది. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు భిన్నమైన దృష్టితో మాట్లాడినది. కేంద్ర జల సంఘంలో దశాబ్దాలుగా పనిచేసిన పాక్షిక కాల కార్మికులకు న్యాయం నిరాకరించటానికి ఉమాదేవి తీర్పును ఆయుధంగా వాడరాదని పేర్కొన్నది. అది రేడియో వారికి సంబంధించిన కేసు కాదు. అయినా దీర్ఘకాలంగా తాత్కాలికంగానే మిగిలిపోయిన వారందరి వాదనకు అది బలం చేకూర్చినది.

మహిళల విషయంలో మరొక ఇబ్బంది కలదు. చివరి ప్రసారం ముగిసేసరికి రాత్రి 11 గంటల ప్రాంతమవుతుంది. గన్నవరం, కంకిపాడు, మంగళగిరి వంటి శివారు ఊళ్ళ నుండి వచ్చేవారికి ఆ వేళ బస్సు దొరకటమే ఒక ప్రశ్న. తెల్లవారుజామున మొదలయ్యే డ్యూటీకి కూడా ఇదే చిక్కు.

ప్రాధాన్యం

ఆర్థికంగా చిన్నదైనా ఈ పనిని జనం విడిచిపెట్టకపోవటానికి కారణాలు ఉన్నాయి. అప్పటివరకు వేదిక ఎరుగని ఒక ఉపాధ్యాయురాలి కంఠం ఒక్క సాయంత్రంలో జిల్లాలు దాటి వినబడుతుంది. సంగీత విద్యార్థికి అరుదైన రికార్డులు, పాత టేపులు వినే అవకాశం లభిస్తుంది. స్పష్టమైన తెలుగు మాట్లాడగలగటమే అర్హతగా గౌరవం తెచ్చే పనులు ఎక్కువగా లేవు. కేంద్రం వైపు నుండి చూసినా, పొలం పనులు, బడి, బజారు తెలిసిన మనుషులు మైకు ముందుకు రావటం వలన కార్యక్రమాలకు స్థానికత నిలుస్తున్నది.

2023 మేలో ప్రసార భారతి ఆలిండియా రేడియో అన్న ఆంగ్ల నామాన్ని విడిచి అన్ని భాషలలోనూ ఆకాశవాణి అన్న పేరునే వాడాలని నిర్ణయించినది. తెలుగు శ్రోతలకు ఆ పేరు దశాబ్దాలుగా అలవాటైనదే. న్యూస్ ఆన్ ఎయిర్ అనువర్తనం ద్వారా ప్రవాసంలోని తెలుగువారు కూడా ఆకాశవాణి ప్రసారాలను వినగలుగుతున్నారు. ఇంటర్నెట్ రేడియోలలో ఉద్యోగానంతర వేళల్లో పాటలు వినిపించే ప్రవాస తెలుగు జాకీలు కూడా ఈ పాక్షిక కాల సంప్రదాయానికే చెందినవారు.

కాలక్రమం

1938 – మద్రాసు కేంద్రం ప్రారంభం
1948 – విజయవాడ కేంద్రం ప్రారంభం
1957 – వివిధ భారతి ప్రారంభం
1969 – ఢిల్లీలో యువవాణి ప్రారంభం
1977 – మద్రాసులో తొలి ఎఫ్.ఎం. ప్రసారం, దివిసీమ ఉప్పెన
1982 – స్టాఫ్ ఆర్టిస్టులను ప్రభుత్వోద్యోగులుగా పరిగణించే నిర్ణయం
1997 – ప్రసార భారతి ఏర్పాటు
2001 – దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రం
2006 – ఉమాదేవి కేసు తీర్పు
2023 – అన్ని భాషలలో ఆకాశవాణి పేరు వాడుక
2024 – జగ్గో కేసు తీర్పు

ఇవి కూడా చూడండి

ఆకాశవాణి
వివిధ భారతి
బాలాంత్రపు రజనీకాంతరావు
ఉషశ్రీ
దివిసీమ ఉప్పెన
సామాజిక రేడియో